సైకిల్ సందేహాలు: కార్లు రాని తీరపు దారిలో

సముద్రతీర అభయారణ్యాల చుట్టూ, మోటారు బండ్లకు ప్రవేశం లేని దారుల్లో సైకిల్ యాత్ర చేయాలనుకునే పాఠకుల ప్రశ్నలివి.

ప్రశ్న: అభయారణ్యం చుట్టూ 40 కిలోమీటర్ల దారి ఉంది. ఎత్తుపల్లాలు లేవు, బండ్లు లేవు. సామానుతో గంటకు 18 కిలోమీటర్లు హాయిగా తొక్కగలను. పొద్దున పదింటికి బయల్దేరితే చాలు కదా?

చాలదు. ఎత్తులు లేని తీరంలో గాలే ఎత్తు. ఎండెక్కే కొద్దీ నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది. దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోట్లోకి సముద్రం మీది చల్లగాలి తోసుకొస్తుంది. ఎండ బాగా కాసే రోజుల్లో ఇది పది పదకొండు ప్రాంతంలో మొదలై, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ముదిరి, పొద్దుగూకాక తగ్గుతుంది. అంటే మీరు పదింటికి బయల్దేరితే గాలి పెరుగుతున్నంతసేపూ దారిలోనే ఉంటారు.

వెళ్లేటప్పుడు ఎదురైతే వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది కాబట్టి లెక్క సరిపోతుందనుకుంటారు చాలామంది. సరిపోదు. సగం దారి 12 వేగంతో, సగం 24 వేగంతో వెళ్లారనుకోండి. మొదటి 20 కిలోమీటర్లకు గంటా నలభై నిమిషాలు, రెండో 20కి యాభై నిమిషాలు, మొత్తం రెండున్నర గంటలు. గాలి లేకపోతే రెండుంబావుకే అయిపోయేది. ఒళ్లు అలిసే లెక్క ఇందులో చేర్చలేదు.

అందుకే తెల్లవారగానే బయల్దేరండి. చుట్టు ఏ దిక్కుగా తిరగాలో దూరాన్ని బట్టి కాదు, గాలిని బట్టి తేల్చుకోండి. సముద్రం వైపు వెళ్లే భాగం గాలి లేవకముందే అయిపోవాలి, వెనక్కి లోపలికి వచ్చే భాగం మధ్యాహ్నానికి మిగలాలి. రుతువును బట్టి ఒకే దిక్కునుంచి పగలూ రాత్రీ వీచే గాలి ఉంటే మాత్రం దానిదే పైచేయి, ముందు దాన్ని చూసుకోండి.

ఒడ్డు వెంబడి సాగే భాగంలో గాలి పక్కనుంచి కొడుతుంది. క్యారియర్ పక్క సంచులు తెరచాపల్లా పనిచేస్తాయి. బరువైనవి సంచుల అడుగున, రెండు పక్కలా సమానంగా సర్దండి. పైన కట్టిన గుడారం చుట్టను వీలైతే కిందికి దించండి. చెట్ల గుంపు దాటి ఖాళీలోకి వచ్చిన క్షణంలో బండి పక్కకు లాగుతుంది, హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా వదులుగా పట్టుకుంటే సర్దుకోవడం తేలిక.

ప్రశ్న: దారిలో అక్కడక్కడా ఇసుక మేటలు ఉన్నాయట. నా సైకిల్‌కు 35 మి.మీ. టైర్లు. మార్చాలా?

ఇసుక ఒకటి రెండు చోట్ల, పదేసి మీటర్లే అయితే మార్చకండి. దిగి నడిపించండి, అందులో చిన్నతనమేం లేదు. కిలోమీటర్ల కొద్దీ ఉంటే 35 దండగ. ఫ్రేములో పట్టినంత వెడల్పు, కనీసం 47 నుంచి 50 మి.మీ. వేయించుకోండి. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు పట్టేంత సందు మిగలాలి, లేకపోతే తడి బంకమన్ను ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది.

వెడల్పుకన్నా ముఖ్యం గాలి ఒత్తిడి. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలైతే, 50 మి.మీ. టైరుకు గట్టి దారిలో వెనక 35, ముందు 30 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ఇసుకలోకి దిగే ముందు వెనక 24, ముందు 20కి తగ్గించండి. టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది, కోసుకుంటూ దిగదు. దాటాక మళ్లీ గాలి కొట్టడం మరిచిపోవద్దు. ఆ ఒత్తిడితో రాళ్ల దారిలో వెళ్తే రిమ్ము ట్యూబును నొక్కేసి పక్కపక్కనే రెండు చీలికలు చేస్తుంది. పంక్చర్ అయిన ట్యూబుకు అలా జంట చిల్లులు కనిపిస్తే ముల్లు కోసం వెతక్కండి, కారణం గాలి తక్కువవడమే.

గేరు ఇసుకకు ముందే తేలిక చేసుకోవాలి. ఇసుకలో కూరుకుంటూ బరువు మీద మారిస్తే చైను దిగిపోతుంది. సీటు మీద కాస్త వెనక్కి కూర్చుని, ఆపకుండా తొక్కుతూ, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా పోనివ్వండి. ముందు చక్రం దానంతటది కాస్త అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. బ్రేకు పట్టారంటే అక్కడికక్కడే ఆగిపోతారు.

ప్రశ్న: ప్యాచ్ వేసిన పావుగంటకే మళ్లీ గాలి పోతోంది. రెండుసార్లూ అదే జరిగింది. సొల్యూషన్ పాడైందా?

కావచ్చు, కానీ ముందు రెండు అనుమానాలు తీర్చుకోండి. ఇసుక నేలల్లో పల్లేరుకాయలు ఎక్కువ. పైకి కనిపించే కాయ పీకేసినా దాని ముల్లు కొన విరిగి టైరు రబ్బరులోనే ఉండిపోతుంది, కొత్త ప్యాచ్ పక్కనే మళ్లీ గుచ్చుతుంది. టైరు లోపలంతా గుడ్డతో నెమ్మదిగా తుడవండి. పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. వేళ్లతో తడిమితే వేలికి దిగుతుంది. తగిలినదాన్ని పట్టకారుతో బయటికి లాగండి.

రెండోది, ప్యాచ్ కింద ఇసుక. చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్దాక పొడి గుడ్డతో తుడవాలి, నోటితో ఊదకూడదు, తేమ చేరుతుంది. సొల్యూషన్ పలచగా, ప్యాచ్ కన్నా వెడల్పుగా రాసి మెరుపు పోయేదాకా ఆగండి. సుమారు ఐదు నిమిషాలు. తడిగా ఉండగానే అంటించడమే చాలామంది చేసే పొరపాటు. గాలికి ఇసుక రేగుతుంటే చక్రాన్ని సంచి చాటున పెట్టుకుని చేయండి. ఇంకా మంచిది, దారిలో కొత్త ట్యూబు వేసేసుకుని ప్యాచ్ పని బసకు చేరాక చూసుకోవడం. రెండు ట్యూబులు వెంట ఉండాలి.

ప్రశ్న: మా మ్యాపులో ఒక కిలోమీటరు దారి పోటు వచ్చినప్పుడు మునుగుతుందని ఉంది. ఎప్పుడు దాటాలి?

ఆ తీరానికి సంబంధించిన పోటు పట్టిక దగ్గర పెట్టుకోండి. చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రేపటి పోటు ఇవాళ్టికన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణములకూ ఆ తర్వాతి ఒకటి రెండు రోజులకూ నీరు ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. నిన్న పొడిగా ఉన్న దారి ఇవాళ అదే వేళకు పొడిగా ఉండాలని లేదు.

నీరు సమానంగా పెరగదు. ఆటు పూర్తయ్యాక ఆరు గంటల్లో మొత్తం పెరుగుదలను పన్నెండు వంతులు చేస్తే, గంటగంటకూ వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు లేస్తుంది. ఆటుకూ పోటుకూ మధ్య నీటి ఎత్తులో తేడా 3 మీటర్లయితే మొదటి గంటలో 25 సెంటీమీటర్లే, మూడో గంటలో ఒక్కసారిగా 75. మొదటి గంట చూసి ఇంకా టైముంది కదా అని ఫొటోలకు ఆగినవాళ్లు మూడో గంటలో చిక్కుతారు. నీరు ఇంకా దిగుతుండగా దాటడం మొదలుపెట్టి, ఆటు ముగిసేసరికి అవతలి గట్టెక్కండి. రోజుకొక్కటే పోటు వచ్చే తీరాల్లోనూ, ఏరు సముద్రంలో కలిసే సన్నటి మొగలున్న చోట్లా ఈ వంతుల లెక్క పనికిరాదు, పట్టికే దిక్కు. ఉప్పునీళ్లలోంచి తొక్కడం వద్దు, నీరుంటే ఆగండి.

ప్రశ్న: సైకిలు చప్పుడు చేయదు కదా, పక్షులకు ఇబ్బంది ఏముంటుంది?

చప్పుడు లేకపోవడమే ఒక ఇబ్బంది, దగ్గరికి వచ్చేదాకా పిట్టకు తెలియదు. ఒకే వేగంతో సాగిపోయే సైకిలుకన్నా, పక్కనే గభాలున ఆగి దిగే మనిషికి అవి ఎక్కువ బెదురుతాయి. మేత మాని తలలెత్తి చూస్తున్నాయంటే ఇక దగ్గరికి వెళ్లకూడదు. పోటు వేళ మరీ జాగ్రత్త. బురదనేలలు మునిగిపోయి ఒడ్డు పిట్టలన్నీ గట్ల మీద చేరి సేదతీరేది అప్పుడే, మీ దారి కూడా ఆ గట్టు మీదనే.

గూళ్లు పెట్టే కాలంలో దారి దిగి ఇసుకలోకి వెళ్లకండి. ఒడ్డు పిట్టల్లో కొన్ని ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు గులకరాళ్ల మధ్య కలిసిపోతాయి, సైకిలు మీంచి కనపడవు. రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ ఒక పిట్ట మీ ముందు పరిగెడుతుంటే దాని గూడు దగ్గర్లోనే ఉంది. వచ్చిన దారినే వెనక్కి నడవండి. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డున రాత్రి సైకిలు లైటు తాబేలు పిల్లల్ని దారి తప్పిస్తుంది, చీకటి పడకముందే బయటపడండి.

ప్రశ్న: తిరిగొచ్చాక సైకిలును ఎలా కడగాలి? వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే సరిపోతుందా?

ఇవ్వకండి. ఆ ఒత్తిడికి ఉప్పూ ఇసుకా చక్రాల నడిమి హబ్బుల్లోకి, పెడళ్ల ఇరుసుండే బాటమ్ బ్రాకెట్‌లోకి దూరతాయి. బకెట్ మంచినీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. అదే రోజు కడగాలి, లేకపోతే మర్నాటికి చైను మీద ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. ఆరాక లింకు లింకుకూ రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేసి, పది నిమిషాలాగి పైది శుభ్రంగా తుడిచేయండి. పైన మిగిలిన నూనెకు ఇసుక అంటుకుంటే చైను ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. బ్రేకు డిస్కు మీద నూనె పడితే బ్రేకు పోతుంది, గుడ్డ అడ్డు పెట్టుకోండి. అరుగుదల చూడాలంటే స్కేలు పెట్టండి. కొత్త చైనులో పిన్ను నుంచి పిన్నుకు 12 అంగుళాలు కచ్చితంగా వస్తుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చే సమయం వచ్చినట్టు.

ప్రశ్న: ఎన్ని నీళ్లు తీసుకెళ్లాలి?

ఎండలో గంటకు ముప్పావు లీటరు. ఐదు గంటలకు నాలుగు లీటర్లు పెట్టుకోండి. గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది కాబట్టి పట్టలేదనుకుంటారు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగండి.