మర్యాద రామన్న పేరులో ‘మర్యాద’ అంటే ఏమిటి?

జానపద కథల్లోని న్యాయాధికారి రామన్నకు వినయం వల్లనే ‘మర్యాద’ అన్న పేరు వచ్చిందా అన్న ప్రశ్నకు, కాదనే నా సమాధానం. సంస్కృతంలో ‘మర్యాద’ అంటే హద్దు, పొలిమేర, దాటకూడని కట్టుబాటు. శ్రీరాముణ్ణి మర్యాదా పురుషోత్తముడు అనడంలోనూ ఈ అర్థమే ఉంది. ఎవరి హద్దు ఎక్కడో తేల్చేవాడికి ఇంతకన్నా తగిన పేరు ఉండదు.

నెయ్యి అప్పు తగవులో ఆయన ఇద్దరు స్త్రీలను బురదలో నడిపించి, కాళ్ళు కడుక్కోవడానికి చెరొక చెంబు నీళ్ళిస్తాడు; పాడి ఎక్కువున్న ఆమె నీళ్ళన్నీ ఒలకబోసుకుంటుంది, తక్కువున్న ఆమె శుభ్రంగా కడుక్కుని కొంత మిగులుస్తుంది, పొదుపెరిగిన ఈమే నెయ్యి అప్పిచ్చిందని దానితోనే తేలిపోతుంది. సాక్షులు లేనిచోట స్వభావాన్నే సాక్షిగా నిలబెట్టడం ఎంత గొప్ప నేర్పు! తమిళులకూ ఈయన మరియాదై రామన్‌గా తెలుసు.

హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో పార్కింగు తగవు తీర్చమంటే ‘నేనేమైనా మర్యాద రామన్ననా’ అనేవారు ఇప్పటికీ ఉన్నారు. 2010లో రాజమౌళి తీసిన ‘మర్యాద రామన్న’ సినిమాలో తీర్పుల ఊసు లేదు. గడప లోపలున్న అతిథిని చంపకూడదన్న కట్టుబాటు చుట్టూ కథ తిరుగుతుంది కాబట్టి, ఆ పాత ‘హద్దు’ అర్థమే అక్కడ గడపగా మారింది.