సెకండ్ హ్యాండ్ సీకో కొనబోతున్న మేనల్లుడికి

బరంపురం

చి. శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన సీకో ఫైవ్ వాచీ ఫోటోలు చూశాను. నారింజ రంగు డయలు, తళతళలాడే స్టీలు చైను, కింద "1970ల నాటి ఒరిజినల్" అన్న మాట. డబ్బు ఇంకా పంపలేదు కదా? ఆగు.

సీకో మీద నీ మోజును నేను కాదనను. మన బరంపురం, పర్లాకిమిడి వైపు అప్పట్లో చాలామంది చేతికి హెచ్‌ఎంటీయే. అది కూడా 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైందే. సీకో అంటే ఎవరో బయటి దేశం నుంచి తేవాలి. వారం పేరు అరబిక్‌లో కనిపించిందంటే గల్ఫ్ సరుకని నాకు చెప్పక్కర్లేదు, కొట్లో కూర్చునే తెలిసిపోయేది.

ఆ కంపెనీకి పేరు ఊరికే రాలేదు. 1881లో కింతారో హట్టోరి టోక్యోలో గడియారాల కొట్టు పెట్టాడు, 1892లో ఫ్యాక్టరీ కట్టాడు. 1923 భూకంపంలో అది తగలబడిపోయింది. జనం రిపేరుకిచ్చిన సుమారు 1500 గడియారాలు కూడా బూడిదయ్యాయి. ఆయన వాటి బదులు కొత్తవి ఇచ్చాడు. రిపేరు పనివాడిగా నాకు ఈ ముక్క చాలు, మిగతా చరిత్ర లేకపోయినా సరే! సీకో అన్న పేరుతో వాచీ వచ్చింది ఆ మరుసటి ఏడాదే. 1969 డిసెంబరు 25న లోకంలోనే మొదటి క్వార్ట్జ్ (బ్యాటరీతో నడిచే) చేతి వాచీ అమ్మి స్విస్ వాళ్లకు చెమటలు పట్టించిందీ వీళ్లే. అయినా 1963లో మొదలుపెట్టిన సీకో ఫైవ్‌ను వదల్లేదు. మధ్యతరగతి వాడి జేబుకు అందే ఆటోమేటిక్ అది, అంటే బ్యాటరీ లేకుండా చేతి కదలికతోనే నడిచేది.

ఇప్పుడు నీ ఫోటోకి వద్దాం. రెండో దాన్లో వెనక మూత మీది అక్షరాలను పెద్దవి చేసి చూడు. 7ఎస్26 అని ఉంది. అది వాచీ లోపలి మిషన్ రకం నంబరు. ఆ మిషన్ వచ్చిందే 1996లో. మరి 1970ల వాచీలో ఎలా దూరింది? దాని దగ్గరే ఆరంకెల నంబరు ఇంకోటి ఉంటుంది. మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. 83తో మొదలైతే 1998 మార్చి కావచ్చు, 2008 మార్చి కావచ్చు, 1978 మాత్రం కాదు. అక్టోబరుకు సున్నా, నవంబరు, డిసెంబర్లకు ఎన్, డి అక్షరాలు వేస్తారు.

డయలు సంగతి ఇంకా ఘోరం. పాత డయలును గీకి, కంటికి ఇంపైన రంగు కొట్టి, పైన మళ్లీ సీకో అని అచ్చేసే పనివాళ్లున్నారు. నా బల్ల మీదికి అలాంటివి వస్తూనే ఉంటాయి. అక్షరాల అంచులు పాకినట్టుంటాయి, ఆరు అంకె కింద ఉండాల్సిన సన్నటి కోడ్ మాయమవుతుంది, లేదా చదవడానికి రాదు. లోపల మిషన్ మంచిదే కావచ్చు, కానీ ఒరిజినల్ ధర మాత్రం దానికి ఇవ్వకూడదు.

అసలైనది దొరికినా కొన్ని తెలుసుకుని కొను. 7ఎస్26కి కీ ఇవ్వడం ఉండదు, చేతిలో ఊపి నడిపించాలి. రోజుకి 20 సెకన్లు వెనక్కి, 40 సెకన్లు ముందుకి పోవచ్చని కంపెనీయే చెబుతుంది. కాబట్టి ఫోన్‌తో పోల్చుకుని టెన్షన్ పడకు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా తేదీ మార్చకు, పళ్లు అరుగుతాయి. వెనక వాటర్ రెసిస్ట్ అని ఉన్నా లోపలి రబ్బరు రింగు ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. గోపాలపూర్‌లో సముద్ర స్నానానికి దిగేటప్పుడు తీసి పక్కన పెట్టు.

ఇదంతా తలనొప్పి అనుకుంటే కొత్తదే తీసుకో. 2019 నుంచి వస్తున్న సీకో ఫైవ్ స్పోర్ట్స్‌లో 4ఆర్36 మిషన్ ఉంది. దానికి కీ ఇవ్వచ్చు, కీ బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. ధర పెంచేశారని పాత అభిమానులు తిట్టుకుంటున్నారు, ఆ కోపంలో న్యాయం ఉంది. పన్నెండు దగ్గర డయలు మీది గీత, చుట్టూ ఉన్న రింగు మీది గీత ఒకదానికొకటి కుదిరాయో లేదో కొట్లోనే చూసుకో. ఈ కంపెనీకి ఆ విషయంలో చెడ్డపేరే ఉంది.

ఆ అమ్మేవాణ్ణి మాత్రం మూత తీసి లోపలి మిషన్ ఫోటో ఒకటి, డయలు అడుగుభాగం దగ్గరగా ఇంకోటి పంపమను. మిషన్ మీదా మూత మీదున్న 7ఎస్26 నంబరే ఉండాలి. వంకలు పెడితే వాడి ఫోన్ నంబరు డిలీట్ చెయ్. పంపితే నాకు ఫార్వర్డ్ చెయ్యి, రాత్రి కొట్టు కట్టేశాక చూసి చెబుతాను. రాయగడలో అందరినీ అడిగానని మీ అమ్మకి చెప్పు.

మీ మావయ్య