వీణ వింటే వంగ మొక్క ఏపుగా పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ ఫైనల్ ఇయర్. ప్రదర్శనకి మూడు కుండీల్లో వంగ మొక్కలు పెట్టి, ఒకదానికి వీణ, ఒకదానికి తీన్‌మార్ డప్పు వినిపించి, మూడోదానికి ఏమీ వినిపించకుండా పెంచుతానంటోంది. వీణ విన్నదే బాగా ఎదుగుతుందట. నిజమేనా? అందరిముందూ నవ్వులపాలవుతుందేమోనని నాకు టెన్షన్.
– ఒక తల్లి, మల్కాజ్‌గిరి

జవాబు: ఈ వీణ ముచ్చట పాతదేనండీ. అన్నామలై యూనివర్సిటీ బోటనీ ప్రొఫెసర్ టి.సి.ఎన్. సింగ్ 1950ల్లోనే మొక్కలకి కర్ణాటక సంగీతం వినిపించి, బాగా పెరిగాయని చెప్పారు. కానీ మొక్కకి రాగం తెలీదు, కదలిక తెలుస్తుంది. 2014లో అమెరికాలోని మిస్సోరీ యూనివర్సిటీ వాళ్ళు గొంగళిపురుగు ఆకు నమిలేటప్పుడు పుట్టే కంపనాన్ని రికార్డు చేసి, పురుగు లేకుండానే ఆకుని అలా వణికించారు, ఆ తర్వాత నిజం పురుగుల్ని వదిలితే ఆ మొక్కలు పురుగుల్ని అడ్డుకునే ఆవఘాటు రసాయనాల్ని మామూలుకన్నా ఎక్కువ తయారుచేసుకున్నాయి. గాలికి ఊగే కంపనం ఇస్తే మాత్రం చలించలేదు!

ఇక మూడే మూడు కుండీలతో ఏదీ తేలదు. కిటికీ పక్కనున్నది ఎలాగూ బాగా పెరుగుతుంది, పైగా వీణ కుండీకి మీ అమ్మాయే తెలీకుండా ఓ చెంబు ఎక్కువ పోస్తుంది. అసలు నాకు నచ్చనిది వేరే ఉంది: వీణ గొప్పది, డప్పు తక్కువది అన్న మన అభిప్రాయాన్ని మొక్క చేత చెప్పించడం ఎందుకు?

వంగని మాత్రం వదలొద్దు. దాని పుప్పొడి సన్నటి గొట్టాల్లాంటి కేసరాల్లో ఉంటుంది, కొసన చిన్న రంధ్రం, అంతే. తుమ్మెద పువ్వుని పట్టుకుని రెక్కల కండరాల్ని ఝుమ్మని వణికిస్తే పొడి బయటికి రాలుతుంది. తేనెటీగకి ఈ విద్య రాదు. తుమ్మెద శబ్దం స్పీకర్లో పెట్టి, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌ని పువ్వు తొడిమకి ఆనించి, కింద నల్ల కాగితం పరిస్తే పొడి రాలడం చూసేవాళ్ళకి కళ్ళెదుటే కనిపిస్తుంది (బ్రష్ కొత్తది కొనక్కర్లేదు, ఇంట్లో పాతది చాలు). వాన తేమకి పొడి అంటుకుపోతుంది కాబట్టి ఎండ పొద్దున విచ్చిన తాజా పువ్వులు చూసుకోమనండి. ఇప్పుడు నారు పోస్తే పూతకి రెండు నెలలు దాటుతుంది, నర్సరీలో మొగ్గ తొడిగిన మొక్కలే కొనుక్కోమనండి.