సెలవు ఉత్తర్వు చేతికొచ్చేదాకా బస్సెక్కబాక

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీర్వదించి రాసేది.

మీ నాయన ఫోన్ చేశాడు. నీ భార్య కాన్పు సెలవు అయిపోగానే బిడ్డను నువ్వే చూసుకుంటావంట, ఆరు నెలలు పీహెచ్‌డీ పక్కన పెడతావంట. "వీడికేమన్నా పిచ్చా అక్కా" అని ఒకటే గోల. నాకు మాత్రం లోపల సంతోషమే. దాని వెనకాలే భయం. ఉద్యోగమంతా యూనివర్సిటీ సెక్షన్లో ఫైళ్ళు మోసినదాన్ని, నా భయాలన్నీ కాయితాల భయాలే.

చిన్న సంగతులు ముందు. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో వచ్చిన సవరణతో అమ్మాయికి జీతంతో 26 వారాల సెలవు ఉంది. కాన్పుకు ముందే ఎనిమిది వారాలు వాడేస్తే బిడ్డ పుట్టినాక మిగిలేది 18 వారాలే. నువ్వు ఏడో నెల నుంచి అనుకుంటున్నావు, వంతు ఐదో నెలకే వచ్చి పడుద్ది. ఇద్దరూ క్యాలెండర్ పెట్టుకుని కూర్చోండి. ఆమె ఆఫీసులో 50 మంది ఉంటే పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉండాలి, అడగమను. నీ పరిశోధనకు కావాల్సిన రొయ్యల గుంటల శాంపిళ్ళు ముందే తీసేసుకో, రొయ్యలు పట్టేసినాక రైతు నీకోసం నీళ్ళు ఉంచడు.

ఇంక నీ సంగతి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీ చేసే ఆడపిల్లకు 240 రోజుల దాకా సెలవుంది, గడువులో రెండేళ్ళ సడలింపుంది. ఉండాల్సిందే. కాన్పుతో ఫైలు మూతపడిన ఆడపిల్లలు ఎంతమందినో చూశాను. తండ్రి అనే మాట మాత్రం అందులో వెతికినా దొరకదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగివైతే 15 రోజులన్నా వచ్చేవి. నువ్వు ఉద్యోగివీ కాదు, తల్లివీ కాదు. సెలవంతా ఆడమనిషి పేరునే రాసిపెట్టేసరికి, ఉద్యోగమిచ్చేవాడు ఆమెను చూసే జంకుతాడు. నీ ఆలోచన నాకు నచ్చింది అందుకే.

అసలు విషయానికొస్తాను. నేను పనిచేసిన చోట ఒక స్కాలర్ ఉండేవాడు, పొదిలి పక్క పిల్లవాడు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. గైడ్ దగ్గరికి పోతే "పోయిరా నాయనా, నేను చూసుకుంటా" అన్నాడు. మంచి మనిషే. పిల్లవాడు ఆ నోటి మాట పట్టుకుని పోయి ఐదారు నెలలు ఇంటి దగ్గరే ఉండిపోయాడు. ఈలోగా గైడ్ రిటైరయ్యాడు. తర్వాత వచ్చినాయన హాజరు పట్టీ తెప్పించి చూస్తే ఖాళీ. హాజరును యూనివర్సిటీ ధ్రువీకరిస్తేనే ఫెలోషిప్, అంటే పరిశోధనకిచ్చే నెల డబ్బు, వచ్చేది గదా. ధ్రువీకరించిన నెలల డబ్బు వెనక్కి కట్టమన్నారు, మిగతాది ఆపేశారు. నా టేబుల్ ముందు నిలబడి చొక్కా జేబులోంచి బిడ్డ ఫోటో తీసి ఫైలు మీద పెట్టాడు. ట్యాగుకు గుచ్చిన కాయితాలన్నీ తిరగేశాను, సెలవు అనే మాట ఒక్కదాంట్లోనూ లేదు. ఆఫీసుకొచ్చిన కాయితానికి వేసే ఇన్‌వర్డ్ నంబరు ఫోటోకు ఎట్టా వేసేది? అప్పు చేసి కట్టాడు. థీసిస్ ఇయ్యలేదు.

నీ గైడ్ దేవుడైనా సరే, దరఖాస్తు ఆయన ద్వారా, డిపార్ట్‌మెంట్ హెడ్ ద్వారా రిజిస్ట్రార్‌కు పోవాలి. నీ కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకో. ఆ సెలవు నెలలు పీహెచ్‌డీ ఆరేళ్ళ గడువులో కలుస్తాయా లేదా అన్నది సెలవు ఉత్తర్వులోనే రాయించుకో. ఫెలోషిప్ ఆగితే నెలకు 42,000 లేకుండా సంసారం సాగాలి. ఈ మాట మీ నాయన దగ్గర ఎత్తబాక, నాతో చెప్పు.

బిడ్డ పడుకున్నప్పుడు థీసిస్ రాస్తానన్నావంట. ఒరే పిచ్చోడా, బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకోవాలి! మీ మామయ్యకు ఈ సంగతులేమీ తెలియకుండానే గడిచిపోయింది. ఆయన గిద్దలూరులో, నేను కావలిలో పురిట్లో. కేంద్రంలోనే తండ్రులకు ఆ 15 రోజుల సెలవు 1997లో గానీ రాలేదు. పురుటి స్నానం రోజుకు వచ్చాడు, బిడ్డను పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు, రాత్రి బస్సుకు వెళ్ళిపోయాడు. నువ్వు అట్టా కాదులే, నేర్చుకుంటావు. మెడ కింద చెయ్యి వెయ్యడం ఒక్కటి మరవబాక.

దరఖాస్తు రాసి ముందు నాకు వాట్సాప్ చెయ్యి. "అనుకుంటున్నాను", "వీలైతే" అని మెత్తమెత్తగా రాయబాక. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సెలవు మంజూరు చేయ ప్రార్థన, అంతే. అమ్మాయిని ఐరన్ మాత్రలు మానొద్దని చెప్పు, ఆమె లీవు లెక్క కూడా పంపమను.

మీ అత్త