పుదుపేటలో డబ్బు తీసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. ఈ కాగితం షెడ్డులో గోడకి అంటించుకో, మొబిలాయిల్ మరకలు పడినా ఫర్లేదు.

డాడ్జ్ ట్రక్కు బాడీ అంబత్తూరు చేరింది, బాగుంది. ఇంజను మాత్రం మన చెన్నై పుదుపేట పాత బండి సామాన్ల బజారులో బ్లాకు ఒకచోట, క్రాంకు ఒకచోట, హెడ్డు మరోచోట ఏరుకుని కట్టుకుంటానన్నావు. ఆ రోజుల్లో పెట్రోలు ఇంజను తీసి పక్కన పడేసి పర్కిన్స్ డీజిల్ బిగించుకున్న వాళ్ళు ఎందరో. అందుకే మూలనపడ్డ ఫ్లాట్‌హెడ్డులు (వాల్వులు హెడ్డులో కాక బ్లాకులోనే ఉండే ఆ పాత పెట్రోలు ఇంజన్లు) ఇప్పటికీ తూకానికి దొరుకుతున్నాయి. కాకపోతే అమ్మేవాడికి అన్నీ "డాడ్జ్ సిక్స్ సిలిండర్" అన్న ఒకే పేరు. ఆ పేరు నమ్మి కొన్నావంటే మూడు రకాల ఇంజన్ల ముక్కలు నీ షెడ్డులో కుప్పపడతాయి.

ముందు టేపు తీసి హెడ్డు పొడవు కొలువు. అమెరికాలో తయారైన తేలికపాటి డాడ్జ్ ట్రక్కు బ్లాకు సుమారు 23 అంగుళాలుంటుంది. కెనడా నుంచి వచ్చినది 25 అంగుళాల రకం. పైకి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ హెడ్డు, హెడ్ ప్యాకింగు, క్రాంకు, క్యాం (వాల్వుల్ని నడిపే షాఫ్టు) ఏవీ ఒకదానివి ఇంకోదానికి ఎక్కవు. మనకి కావాల్సింది 23 అంగుళాలదే. అందులోనూ 218 ఘనపు అంగుళాలది, 230 ది అని రెండున్నాయి. రెంటి బోరూ (సిలిండరు రంధ్రం వ్యాసం) 3¼ అంగుళాలే, అంటే 82.55 మిల్లీమీటర్లు, కాబట్టి బ్లాకు చూసి తేడా పట్టలేవు. తేడా అంతా స్ట్రోకులో, అంటే పిస్టను పైకీ కిందికీ కదిలే దూరంలో ఉంది: 218 కి 4⅜ అంగుళాలు, 230 కి 4⅝. క్రాంకు విడిగా దొరికితే మెయిన్ జర్నలు (బ్లాకులో కూర్చుని తిరిగే గుండ్రటి భాగం) మధ్య నుంచి కానరాడ్డు (పిస్టనునీ క్రాంకునీ కలిపే కడ్డీ) జర్నలు మధ్యకి ఎంత దూరముందో కొలిచి రెండింతలు చెయ్యి, అదే స్ట్రోకు. క్రాంకూ కానరాడ్లూ ఒకే జతగా కొను. 230 క్రాంకుకి 218 కానరాడ్లు కడితే పిస్టను అంగుళంలో ఎనిమిదో వంతు అదనంగా పైకొచ్చి హెడ్డుని గుద్దుతుంది.

బ్లాకుకి ఎడమవైపు ముందు భాగంలో, డైనమో పైన, చదునైన చిన్న గద్దె మీద ఇంజను నంబరు కొట్టి ఉంటుంది. దాన్ని వైరు బ్రష్షుతో శుభ్రం చేసి ఫొటో తీసుకో, ఆ నంబరు రాసిన బిల్లు అడుగు. బిల్లివ్వనంటే వెనక్కి వచ్చెయ్యి. నంబరు గ్రైండరుతో గీకి ఉంటే బేరం కూడా ఆడకు. మారిన ఇంజను నంబరు ఆర్సీలో ఎక్కించుకోవడానికి రేపు ఆర్టీవో ఆఫీసులో ఆ బిల్లే ఆధారం.

ఇక బ్లాకు. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్లో వాల్వు సీట్లు హెడ్డులో ఉంటాయి, చెడితే హెడ్డు మారిస్తే సరి. ఫ్లాట్‌హెడ్డులో హెడ్డు వట్టి మూత. వాల్వులు, సీట్లు, పొగ దారి అన్నీ బ్లాకులోనే. ఎగ్జాస్టు వేడి మొత్తం బ్లాకు గోడల్లోంచే పోతుంది, కాబట్టి చీలికొచ్చేదీ అక్కడే: ఎగ్జాస్టు సీటుకీ పక్క బోరుకీ మధ్యనున్న ఇరుకు చోట, సీటు నుంచి నీటి రంధ్రం వైపు. కొట్లో ఆ చోటంతా కిరసనాయిలుతో తడిపి, పొడిగుడ్డతో తుడిచి, సుద్ద రుద్ది పది నిమిషాలు ఆగు. చీలిక ఉంటే సుద్ద మీద సన్నగా తడి గీత తేలుతుంది. ఇది మొదటి వడపోత మాత్రమే. బ్లాకు లేత్ షాపుకి చేరాక డై పెనట్రంట్ (రంగు ద్రవంతో చీలిక చూపే) పరీక్ష, నీటి జాకెట్‌కి (బ్లాకులో నీళ్ళు తిరిగే ఖాళీకి) ప్రెషర్ టెస్టు చేయించకుండా బోరింగుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. బోరు చేశాక చీలిక బయటపడితే ఆ కూలి నీళ్ళపాలే. చీలిక చిన్నదై, బోరులోకి దిగకుండా ఉంటే పిన్నులతో కుట్టేవాళ్ళున్నారు. బోరులోకి దిగితే లైనరు (బోరులో దించే కొత్త గొట్టం) వేయాలి. రెండు మూడు చోట్ల ఉంటే బ్లాకు వదిలెయ్. వేడి చేయకుండా పోత ఇనుముకి ఆర్క్ వెల్డింగు పెడతానన్నవాడికి అసలు ఇవ్వకు. వెల్డు పక్కనే కొత్త చీలిక పుడుతుంది.

ఇప్పుడు చెప్పేది సగం మంది మెకానిక్కులు మర్చిపోయేది. వాటర్ పంపు ఊడదీస్తే, దాని వెనక బ్లాకులో, వాల్వుల పక్కగా ఒక పొడవాటి గాడి ఉంటుంది. అందులో ముందు నుంచి వెనకదాకా పలచటి రేకు గొట్టం దూరి ఉంటుంది. పేరు వాటర్ డిస్ట్రిబ్యూషన్ ట్యూబు. పంపు తోసిన చల్లనీళ్ళని దాని రంధ్రాల్లోంచి ఒక్కో ఎగ్జాస్టు సీటు దగ్గరికి పంపడమే దాని పని. దశాబ్దాలు నీళ్ళలో ఉండి అది తుప్పుపట్టి, జల్లెడై, చివరికి బురదలో కలిసిపోతుంది. అప్పుడు నీళ్ళు ముందరే పైకెక్కి రేడియేటరుకి తిరిగిపోతాయి. వెనకనున్న 5, 6 సిలిండర్ల సీట్లకి చల్లదనం అందదు, వాల్వులు మాడతాయి. ఇంజను వేడెక్కుతోందని రేడియేటరు మార్చి, థర్మోస్టాటు పీకేసి, ఫ్యాను మార్చి విసిగిపోయేవాళ్ళలో చాలామంది బండికి అసలు జబ్బు ఇదే.

ట్యూబు బయటికి తీయడానికి ఓపిక కావాలి. రెండు మూడు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే స్ప్రే కొడుతూ ఉండు. 6 మిల్లీమీటర్ల కడ్డీ కొసని కొక్కెంలా వంచి, ట్యూబు మొదటి రంధ్రానికి తగిలించి, స్లైడ్ హ్యామరుతో చిన్నచిన్న దెబ్బలు వెయ్యి. ఒకే దెబ్బకి లాగాలనుకుంటే మూతి చిరిగి మిగతాది లోపలే ఉండిపోతుంది. అలా అయితే వెనకవైపు కోర్ ప్లగ్గులు (నీటి జాకెట్ రంధ్రాలు మూసే బిళ్ళలు) ఊడదీసి, సన్నటి ఉలితో విడగొట్టుకుంటూ ముక్కలుగా తీయాలి. వచ్చిన ముక్కలన్నీ పారేయకుండా దాచు. కొత్తది ఇత్తడి రేకుతోనో, స్టెయిన్‌లెస్ రేకుతోనో చేయించేటప్పుడు రంధ్రాలు ఎక్కడెక్కడున్నాయి, ఏ దిక్కుకి చూస్తున్నాయి అన్నది ఆ ముక్కల్ని బట్టే తెలుస్తుంది. కోర్ ప్లగ్గులు ఎలాగూ ఊడదీస్తావు కాబట్టి జాకెట్లో గట్టిపడ్డ ఒండ్రు మొత్తం గీకి తీయి. 6వ సిలిండరు చుట్టూ అది ఎక్కువగా పేరుకుంటుంది. ప్లగ్గులన్నీ కొత్తవే వెయ్యి. వాటిలో పాతది ఒక్కటి ఉంచినా, రేపు మ్యానిఫోల్డ్ బిగించాక దాని వెనక నుంచే కారుతుంది.

పిస్టన్లు పట్టేసి ఉంటే సుత్తితో కొట్టకు. ఆటోమేటిక్ గేరు ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి బోర్లలో పోసి వారం నానబెట్టు. అసిటోను మంట అంటుకుంటుంది, షెడ్డు తలుపు తెరిచే ఉంచు, బీడీ గీడీ దగ్గరికి రానివ్వకు. బోరు పైభాగంలో రింగులు అరగదీయని చోట ఒక మెట్టు మిగిలి ఉంటుంది, దాన్ని రిడ్జ్ రీమరుతో తీశాకే పిస్టన్లు పైకి తోయి. తీయకుండా తోస్తే పిస్టను రింగు గాడుల అంచులు పెళ్ళున విరుగుతాయి. కానరాడ్డూ దాని క్యాపూ, మెయిన్ క్యాపులూ తీసేముందు పంచ్‌తో నంబరు కొట్టుకో. క్యాపు బిగించాకే ఆ రంధ్రం తిప్పి కోస్తారు కాబట్టి ఒకదాని క్యాపు ఇంకోదానికి పెడితే రంధ్రం గుండ్రంగా ఉండదు.

బోరుని డయల్ గేజ్‌తో ఆరు చోట్ల కొలువు: పైన, మధ్యన, కింద, ఒక్కో ఎత్తులో క్రాంకుకి అడ్డంగా ఒకటి, పొడుగునా ఒకటి. పైకీ కిందికీ తేడా 10 థౌ (ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాటినా, అడ్డానికీ పొడుగుకీ 5 థౌ దాటినా రీబోరింగే. పిస్టన్లు చేతికొచ్చాకే బోరు చేయించు. "30 ఓవర్‌సైజ్ (30 థౌ పెద్దది) కొట్టి ఉంచుతాను, పిస్టన్లు తర్వాత చూసుకో" అనే లేత్ వాడి మాట వినకు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో పాత స్టాకు పిస్టన్లు దొరికితే డబ్బా మీది నంబరుని నమ్మకు. వ్యాసం, పిన్ను సైజు, పిన్ను మధ్య నుంచి పిస్టను తలదాకా ఎత్తు, రింగు గాడుల వెడల్పు, ఈ నాలుగూ మైక్రోమీటరుతో, వెర్నియర్‌తో తీయి. ఆరింటినీ వంటింటి డిజిటల్ కాటా మీద తూచు. రెండు మూడు గ్రాముల తేడా ఉంటే పరవాలేదు, పది దాటితే బరువైన వాటిని లోపలివైపు గీయించి సమం చెయ్యి. రింగు నోటి ఖాళీ ఈ బోరుకి 10 నుంచి 13 థౌ. రింగుని చేత్తో కాదు, పిస్టను తలతో బోరులోకి చదునుగా దించి, అప్పుడు ఫీలర్ (ఖాళీ కొలిచే రేకు) పెట్టు.

మన ఊరి సంగతొకటి. బోరు, హోనింగు (బోరు గోడని రాయితో సన్నగా రుద్దడం) అయిన బ్లాకుని సముద్రపు గాలిలో ఒక్క రాత్రి వదిలితే పొద్దుటికి ఎర్రటి పొర కడుతుంది. లేత్ నుంచి తేగానే వేడి సబ్బునీళ్ళతో బ్రష్షు పెట్టి కడుగు (డీజిలుతో కడిగితే హోనింగు పొడి గీతల్లోనే ఉండిపోతుంది), తెల్లగుడ్డకి నలుపు అంటనంతవరకూ తుడువు, వెంటనే ఆయిలు పూసి ప్లాస్టిక్ కప్పు.

క్రాంకుని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టు. గంటలా మోగితే మంచిది, మొద్దుగా పలికితే చీలిక అనుమానించు. మెయిన్ జర్నలు స్టాండర్డు 2½ అంగుళాలు. ఎంత అండర్‌సైజ్ బేరింగు షెల్స్ దొరుకుతాయో చూసుకుని ఆ సైజుకే గ్రైండింగు చేయించు. ఆయిలు ఖాళీ 1 నుంచి 2½ థౌ మధ్య ఉండాలి, ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పుని బట్టి ఖాళీ చెప్పే మెత్తటి దారంతో) చూడు. బిగింపు బలం, అంటే టార్కు, మెయిన్ క్యాపులకి 80 నుంచి 85 అడుగు-పౌండ్లు, కానరాడ్లకి 45 నుంచి 50.

వాల్వుల పని నింపాదిగా చెయ్యి. ఈ ఇంజన్లకి ఎగ్జాస్టు వైపు గట్టి సీటు రింగులు కంపెనీలోనే వేశారు, సీసం లేని పెట్రోలుకి భయపడి కొత్త సీట్లు వేయించక్కర్లేదు. వదులైనవీ, పగిలినవీ మార్చు, చాలు. గైడు (వాల్వు కాడ జారే గొట్టం) తీసేముందు ఏ చివర పైన ఉందో గీత గీసుకో, ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్టుకీ ఒకేలా ఉంటుందనుకోకు. స్ప్రింగు నొక్కి కాటర్లు (స్ప్రింగుని వాల్వు కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు) తీసేటప్పుడు, పెట్టేటప్పుడు, వాల్వు గదిలోంచి ఛాంబరులోకి (ఇంజను అడుగునున్న ఆయిలు తొట్టిలోకి) ఆయిలు దిగే రంధ్రాలన్నిట్లో గుడ్డముక్కలు కుక్కు. కాటరు జారితే నేరుగా కిందికే పోతుంది. కుక్కిన గుడ్డలు లెక్కపెట్టుకో, తీసేటప్పుడు అన్నీ రావాలి.

సీటు కోసి వాల్వు రుద్దిన కొద్దీ వాల్వు కిందికి దిగి ట్యాపెట్‌కి (క్యాం మీద నిలబడి వాల్వుని పైకి నెట్టే ముక్కకి) దగ్గరవుతుంది, అంటే ఖాళీ తగ్గుతుంది. పాత సర్దుబాటుతోనే బిగిస్తే వాల్వు మూసుకోదు, వారంలో మాడుతుంది. అందుకే హెడ్డు ఎక్కించక ముందే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి కొంచెం వదులుగా పెట్టుకో, ఇంజను బాగా వేడెక్కాక మళ్ళీ చూడు: ఇన్‌టేక్ 10 థౌ, బరువు మోసే ట్రక్కుకి ఎగ్జాస్టు 14. ట్యాపెట్‌కి పలచటి స్పానర్లు రెండు కావాలి. మామూలు స్పానరు దూరదు, పాతవి గ్రైండరు మీద పలచగా చేసుకో. పక్కనే మ్యానిఫోల్డ్ కాలుతూ ఉంటుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకో.

హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ దూర్చు. 5 థౌ దూరితే పలచగా ఫేసింగు చేయించు. బోల్టులు చాలావరకు నీటి జాకెట్‌లోకి దిగుతాయి, మరలకి సీలెంటు రాయకపోతే మర వెంట నీళ్ళు పైకొస్తాయి. మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, 65 నుంచి 70 అడుగు-పౌండ్లకి బిగించు. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ అదే టార్కు.

టైమింగు చెయిను చక్రాల మీది చుక్కలు రెండూ ఎదురెదురుగా, రెండు షాఫ్టుల మధ్యలని కలిపే గీత మీద ఉండాలి. డెల్కోని (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరుని) తిప్పేది ఆయిల్ పంపే, కాబట్టి పంపు ఊడదీసి పెడితే డెల్కో నాలుక దిక్కు మారిపోతుంది. 6వ సిలిండరు పైన హెడ్డులో చిన్న మరప్లగ్గు ఉంటుంది. అది తీసి సన్నటి కడ్డీ దించితే పిస్టను పైకొచ్చింది లేనిది చేతికి తెలుస్తుంది. 6 పైకొచ్చినప్పుడు 1 కూడా పైనే ఉంటుంది. రెంటిలో ఏది పేలే వంతో ట్యాపెట్లు చూసి తేల్చుకో. పేలే వరుస 1-5-3-6-2-4. డెల్కో పాయింట్ల ఖాళీ 20 థౌ, ప్లగ్గులది 25.

కరెంటు 6 వోల్టులదే ఉంచితే లావు కేబుళ్ళు వెయ్యి. 12 వోల్టుల బండి సన్న కేబులు తగిలించి సెల్ఫ్ బలహీనంగా ఉందని మోటారుని తిట్టినవాళ్ళే ఎక్కువ. బ్యాటరీలో ఏ కొస ఎర్త్ అయి ఉందో వైరింగు చూశాకే కలుపు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఫ్యూయల్ పంపు డయాఫ్రం, గొట్టాలు, కార్బురేటరు ప్యాకింగులు ఇథనాల్‌కి పనికొచ్చేవే కొను. రేడియేటరులో బోరునీళ్ళు పోయకు, మన ఉప్పునీళ్ళకి కొత్త ట్యూబు కూడా త్వరలోనే పాతదైపోతుంది. ఆర్వో నీళ్ళూ కూలెంటూ కలిపి పొయ్యి.

మొదటి స్టార్టుకి ముందు ప్లగ్గులు ఊడదీసి, ఆయిలు ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టు. లేవకపోతే స్టార్టు చేయకు, పంపు ఆయిలుతో నింపి మళ్ళీ చూడు. అంటుకున్నాక ఐడిల్‌లో వదలకు, ఇరవై నిమిషాలపాటు నిమిషానికి 1500 తిరుగుళ్ళ పైన నడిపించు. ఐడిల్‌లో క్యాం, ట్యాపెట్ల మీదికి ఆయిలు చిమ్మడం చాలదు, కొత్త ముఖాలు గీరుకుపోతాయి. తర్వాత ఆయిలు వేడిగా ఉండగానే దించి, అయస్కాంతంతో ఛాంబరు అడుగు వెతుకు. మెత్తటి బూడిదరంగు పొడి అయితే మామూలే, మెరిసే రేకులు కనిపిస్తే ఛాంబరు విప్పు.

ఆదివారం పుదుపేట వెళ్ళేటప్పుడు టేపు, వెర్నియర్, వైరు బ్రష్షు, కిరసనాయిలు సీసా, సుద్దముక్క సంచిలో పెట్టుకో. బ్లాకు కొన్నాక ముందు పంపు విప్పి ఆ ట్యూబు ఫొటో పంపు. అది ఎంతవరకు మిగిలిందో చూశాకే సీట్ల పని ఎంత పడుతుందో చెప్పగలను.

మీ మామయ్య