కేక్ చేయడం రాదని అప్పు చేస్తారా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నా జీతం 78,000, ఇంటి ఖర్చు 50,000. మావారికి ప్రస్తుతం ఉద్యోగం లేదు. క్రిస్మస్‌కి మా అపార్ట్‌మెంట్‌లో ఇంట్లో చేసిన కేకులు పంచుకుంటారు. నాకు చేయడం రాదు. ఊరికే తీసుకుంటే బాగుండదని 15 ఇళ్లకు గిఫ్ట్ హ్యాంపర్లు కొన్నాను. సంక్రాంతికి ఆడపడుచులకు వెండి కుందులు కూడా తీసుకున్నాను. క్రెడిట్ కార్డు బిల్లు 62,000 వస్తే మినిమమ్ డ్యూ 3,100 కట్టాను. మిగతాది లోన్ యాప్‌లో తీసుకుని తీర్చేయవచ్చా? సేవింగ్స్‌లో 11,000, రికరింగ్ డిపాజిట్‌లో 45,000 ఉన్నాయి.

జవాబు: వద్దమ్మా. 45,000 డిపాజిట్‌లో పెట్టుకుని లోన్ యాప్ దాకా ఎందుకు వెళ్లడం? డిపాజిట్ కదపకూడదు, అప్పు ఎంత పెరిగినా ఫర్వాలేదు అనే లెక్క చాలా ఇళ్లలో చూస్తున్నాను. మీ కార్డుకు నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుందాం. 62,000 మీద 2,170. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 390. మీరు కట్టిన 3,100లో అసలుకు మిగిలేది 540 రూపాయలే. బాకీ తీరేదాకా ఆ కార్డుతో పాల ప్యాకెట్టు కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఈ వారమే డిపాజిట్ రద్దు చేసి కార్డుకు కట్టండి. మిగిలింది వచ్చే జీతంలో తీర్చేయండి. ఆ 11,000 మాత్రం ముట్టుకోవద్దు.

నాకు అసలు టెన్షన్ ఆ 11,000 గురించే. ఇంట్లో ఒక్కరి జీతం, చేతిలో వారానికి కూడా చాలని డబ్బు! ఒకప్పుడు నేను పనిచేసిన చోట రెండు నెలలు జీతం ఆగింది. అద్దె గడిచింది పక్కన పెట్టుకున్న డబ్బుతోనే. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 3,00,000 కావాలి. కార్డు తీరగానే జీతం పడిన రోజే 10,000 లిక్విడ్ ఫండ్‌లోకి (కావాలన్నప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పంపండి. రెండేళ్లు దాటుతుంది, దాటనివ్వండి. మీవారికి ఉద్యోగం వచ్చాక మొదటి మూడు జీతాల్లో సగం కూడా అందులోకే. అప్పటిదాకా షేర్లు, బంగారం చీటీ ఊసెత్తకండి. ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంత పాలసీ ఒకటి చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న పట్టింపు మనకూ ఉన్నదే. అమ్మవాళ్లు అందులో నాలుగు అరటిపళ్లో, గుప్పెడు పల్లీలో వేసి ఇచ్చేవారు. వచ్చే ఏడాది పిల్లలున్న ఇళ్లకు చన్నపట్న బొమ్మలు (మన ఏటికొప్పాక బొమ్మల్లాగే లక్క రంగులవి), మిగతావాళ్లకు పావు కిలో ఫిల్టర్ కాఫీ పొడి ఇవ్వండి.

కుందులు ఇంకా ఇవ్వకపోతే వెనక్కి తీసుకుంటారేమో కొన్న షాపులో అడగండి. బిల్లు పారేయలేదు కదా?