అలల మీద సంసారం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. ఏడాది పాటు తెరచాప పడవలో తిరిగొద్దామని మావారి పట్టుదల. కెనరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్ చేరాలని ఆయన ప్లాను. నాకు సెయిలింగ్ కొంచెం వచ్చు, భయం మాత్రం చాలా ఉంది. పాప నీళ్ళలో పడిపోతే? బాబు చదువు ఏమైపోతుంది? "అన్నీ అవే సర్దుకుంటాయిలే" అంటారాయన. నిజంగా సర్దుకుంటాయా?
- ఒక తల్లి

జవాబు: వాటంతట అవి సర్దుకోవమ్మా, మనమే సర్దాలి. మేం 38 అడుగుల పడవలో ఇద్దరు పిల్లలతో నాలుగేళ్ళు కాపురం చేశాం. బయల్దేరేటప్పటికి పెద్దాడికి ఎనిమిదేళ్ళు, పాపకి రెండున్నర. మీ ఉత్తరం చదువుతుంటే అప్పటి రాత్రులు గుర్తొచ్చాయి.

ముందు పాప సంగతి. మీ భయం న్యాయమైనదే, ఎవరో నవ్వారని దాన్ని వదులుకోకండి. ఆరు నాట్ల (అంటే గంటకి దాదాపు 11 కిలోమీటర్ల) వేగంతో పోయే పడవ సెకనుకి మూడు మీటర్లు ముందుకెళ్తుంది. మనం కేక పెట్టి, తెరచాపలు సడలించి, పడవ వెనక్కి తిప్పేలోగా ఒక్క నిమిషం గడిచినా 180 మీటర్ల దూరం వచ్చేస్తాం. ఎగసిపడే అలల్లో అంత దూరం నుంచి పసిపిల్ల తల కంటికి ఆనదు. అందుకే పడ్డాక ఎలా తీయాలో నేర్చుకోవడం ఎంత ముఖ్యమో, అసలు పడకుండా చూసుకోవడం అంతకు పదింతలు ముఖ్యం.

మా పడవలో దానికి ఒకటే నియమం. కేబిన్‌లోంచి పైకొచ్చేటప్పుడు ఆఖరి మెట్టు మీద ఆగాలి. ఒంటికి కట్టుకునే హార్నెస్ పట్టీల తాడు కొక్కేన్ని కాక్‌పిట్‌లోని, అంటే పైన కూర్చుని పడవ నడిపే చోటులోని, ఇనప రింగుకి తగిలించాలి. టక్‌మని చప్పుడు వినపడాలి. అప్పుడే కాలు బయట పెట్టాలి. మా పాప ఆ చప్పుడు కోసం తల వంచి, చెవి కొక్కెం దగ్గరే పెట్టి వినేది. గాలి లేని ఒక సాయంత్రం వాళ్ళ నాన్న ఉత్తినే పైకి వచ్చేస్తే, "నాన్నా, టక్ వినపళ్ళేదు" అంది. ఆయన మారుమాట లేకుండా మళ్ళీ మెట్లు దిగి, తగిలించుకుని వచ్చారు. పెద్దవాళ్ళు ఒక్కసారి మినహాయింపు తీసుకుంటే పిల్లలకి అది నియమం కాకుండా పోతుంది. మీవారితో ముందు ఈ మాట ఖాయం చేసుకోండి.

రైలింగు చుట్టూ వల కట్టించండి, కానీ ఆ వలని నమ్ముకుని పాపని వదిలేయకండి. లైఫ్ జాకెట్ పాప బరువుకి తగింది, కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉన్నది తీసుకోండి. పట్టీ లేకపోతే నీళ్ళలో జాకెట్ పైకి జారి, పిల్ల కిందికి జారిపోతుంది. లోతులేని నీళ్ళలో మీ చేతుల్లోనే వేసి చూడండి, మొహం పైకి తేలుతోందో లేదో తెలుస్తుంది.

అందరూ సముద్రానికి భయపడతారుగానీ, నన్ను ఎక్కువ భయపెట్టింది వంటగది. ఎండ కాస్తోంది, లంగరు వేసి ఉన్నాం, అద్దంలాంటి నీళ్ళు. పక్కనుంచి ఒక మోటారు బోటు దూసుకెళ్ళింది. దాని అల తగిలి నా చేతిలోని వేడినీళ్ళు పాప భుజం మీద ఒలికాయి. 20 నిమిషాలు చల్లటి నీళ్ళు వదలకుండా పోశాం, ట్యాంకులో 60 లీటర్ల దాకా అయిపోయాయి. మచ్చ పడలేదు. కానీ ఆ రోజు నుంచి పొయ్యి వెలిగితే పాప దాని దగ్గరికి రాకూడదు, లంగరు మీద ఉన్నా సరే.

ఇక అట్లాంటిక్. కరీబియన్ దాకా దాదాపు 2,700 నాటికల్ మైళ్ళు, అంటే 5,000 కిలోమీటర్లు. రోజుకి 130 చొప్పున నడిచినా మూడు వారాలు. రాత్రంతా ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా, మరి పగలు? మీ ఇద్దరిలో నిద్ర చాలని మనిషే పిల్లల్ని చూసుకోవాలి. మా మొదటి పెద్ద ప్రయాణంలో ఐదో రోజుకి ఒకరి మీద ఒకరం అరుచుకోవడం మొదలైంది. రెండోసారి సెయిలింగ్ వచ్చిన స్నేహితురాలిని వెంట తీసుకెళ్ళాం, ప్రయాణమే మారిపోయింది. మీరు కూడా మూడో పెద్దమనిషి లేకుండా ఈ సముద్రం దాటొద్దని నా గట్టి సలహా. తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అంటారు, అది పోయాకే బయల్దేరండి. "సెలవు అయిపోతోంది" అన్న తొందర వాతావరణానికి పట్టదు.

బాబు చదువు గురించి అంత బెంగ వద్దు. పొద్దున రెండు గంటలు లెక్కలు, భాష, అంతే. అలలు పెద్దవైన రోజు అదీ వద్దు, పుస్తకం వైపు చూస్తే కడుపులో తిప్పుతుంది. ఇంటి దగ్గర చదివించడానికి మీ దేశంలో అనుమతి ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. మావాడికి మధ్యాహ్నం 12 గంటలకి ఒక పని ఉండేది: మనం ఎక్కడున్నామో కాగితం చార్టు (సముద్రపు పటం) మీద పెన్సిలుతో గుర్తు పెట్టడం. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు. వృత్తలేఖినిలాంటి డివైడరు తెరిచి, చార్టు అంచున కొలిచి, నిన్నటి చుక్కకీ ఇవాళ్టి చుక్కకీ మధ్య లెక్క కట్టేవాడు. ఒకరోజు 117 అన్నాడు. యంత్రం చూపించింది 118. ఆ ఒక్క మైలు ఎక్కడ పోయిందో అని సాయంత్రం దాకా వెతికాడు. మీ బాబుకి కూడా పెన్సిలు ఇచ్చేయండి, ఆ పని వాడిదే అని చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఏడాది పాటు పడవలో ఉందామంటే ఏడుస్తోంది, స్నేహితుల్ని వదిలి రానంటోంది. కొన్నాళ్ళకి అలవాటు పడుతుందా?
- ఒక తండ్రి

జవాబు: అలవాటు పడుతుందని నేను మాట ఇవ్వలేను సార్. ఆ వయసులో స్నేహితులే లోకం. పడవ జీవితంలో పిల్లలకి నిజంగా కష్టమైంది వీడ్కోళ్ళే. ఒక రేవులో పది రోజులు కలిసి ఈతలు కొట్టిన పిల్లలు పదకొండో రోజు పొద్దున లంగరెత్తి చెరో దిక్కు వెళ్ళిపోతారు. మా పాప డెక్ మీద నిలబడి, ఆ తెరచాప చుక్కయ్యేదాకా చెయ్యి ఊపేది. ఆ తర్వాత కిందికొచ్చి ఎవరితోనూ మాట్లాడేది కాదు. దాన్ని నవ్వించాలని చూడటం మానేసి పక్కన కూర్చోవడం నేర్చుకున్నాను.

ముందు సెలవుల్లో ఆరు వారాలు తీసుకెళ్ళండి. చిన్నదైనా సరే, తలుపు ఉన్న గది తనకివ్వండి. తెల్లవారుజామున మీతో పాటు కాపలా కూర్చోనివ్వండి, చుక్కాని తన చేతికివ్వండి. తిరుగు ప్రయాణం తేదీ ముందే చెప్పి, ఆ తేదీకే తిరిగి రండి. ఆ తర్వాత ఏడాది సంగతి తననే అడగండి, కాదంటే ఈసారికి ఆగండి.